లిండ్సే పోల్నర్ కొట్టని గోలు

కుర్రాజిన్ ఊరి ఫుట్‌బాల్ జట్టు తరఫున పదిహేడు శీతాకాలాలు ఆడిన లిండ్సే పోల్నర్ ఒక్క గోలు కూడా కొట్టకపోవడానికి కారణం చేతకానితనం కాదు, విధేయత. అతని మొట్టమొదటి ఆటకు ముందు అప్పటి కోచ్ అతని భుజం మీద చెయ్యేసి, "నువ్వు మధ్య వలయం దాటి ముందుకు పోకు" అన్నాడు. ఆ వేళ వాన పడి మైదానమంతా చిత్తడిగా ఉంది. కుర్రాడికి తొడ కండరం పట్టేసింది. కోచ్ చెప్పింది ఆ ఒక్క పూటకే. కానీ లిండ్సే లూథరన్ క్రైస్తవుల ఇంట్లో పుట్టి పెరిగినవాడు. పెద్దవాళ్లు ఒక మాట అన్నాక, వాళ్లే వచ్చి ఇక చాలనేదాకా అది ఆజ్ఞే. ఆ కోచ్ మరుసటి ఏడు చెరకు తోటల్లో పనికని క్వీన్స్‌లాండ్ వెళ్లిపోయాడు. ఆజ్ఞ ఎత్తేసే మనిషి లేకుండా పోయాడు.

అలా లిండ్సే వెనక మూలన ఉండిపోయాడు. అక్కడి ఫుట్‌బాల్‌లో బంతిని చేత్తో పట్టొచ్చు, గుద్దొచ్చు, కాలితో తన్నొచ్చు. ప్రతి శనివారం ఎదుటి జట్టులో గోల్స్ కొట్టే వీరుడెవరో వాడి పక్కన నిలబడి, వాడు ఎగిరితే తనూ ఎగిరి బంతిని గుద్ది అవతల పారెయ్యడం అతని పని. గుద్దు గురి తప్పి మనిషికి తగిలితే ఆగి క్షమాపణ చెప్పేవాడు. అతని వల్ల గోలు కొట్టలేక విసిగిపోయినవాళ్లు ఆ లీగులో ఊరికి నలుగురున్నారు, అతన్ని తిట్టినవాడు మాత్రం ఒక్కడూ లేడు. మిగతా రోజుల్లో గాలిమరలు బాగుచేసేవాడు. పొడుగాటి చేతులు, ఎవరైనా మెచ్చుకుంటే ఎర్రబడే చెవులు, నోట్లో నాలుక లేని తీరు. ఇంటికి కావలసిన మాటలన్నీ అతని భార్య వెర్నాయే మాట్లాడేది. మైదానం పక్కన క్లబ్బు క్యాంటీన్ ఆమెది. మాంసం కూరిన పైలు వేడిచేస్తూ, టీ పోస్తూ, ఆ కిటికీలోంచే అంపైరుకి కళ్లద్దాల కొట్టు ఎక్కడుందో చెప్పేది.

ఈ మనిషిని తీసుకెళ్లి చరిత్రలో పడేసింది ఫుట్‌బాల్ అంటే గిట్టని ఒక పియానో పంతులమ్మ.

మిస్ ఐడా క్రాప్లీ ఊళ్లో పిల్లలకి పియానో నేర్పేది, ఆదివారం చర్చిలో ఆర్గన్ వాయించేది. శనివారం మధ్యాహ్నం ఆమె శిష్యులంతా ఆటకి పోయేవాళ్లు. ఆమెకి చలి పడదు, బురద పడదు, అరుపులు అసలే పడవు. ఖాళీగా కూర్చోలేక పేపర్లో స్కోర్లు చదవడం మొదలుపెట్టింది. ఆటని కాదు, అంకెల్నే. నాలుగు స్తంభాల్లో నడిమి రెండు పొడుగువాటి మధ్య నుంచి పోతే గోలు, ఆరు పాయింట్లు. పక్క సందుల్లోంచి పోతే ఒంటి పాయింటు. ఆమెకి ఆటలో తెలిసింది ఇంతే, కావలసిందీ ఇంతే. ఆ చిన్న లెక్కలోంచి ఆమె తవ్వితీసిన విడ్డూరాలకి అంతులేదు. ఏడు గోల్స్, ఏడు ఒంటి పాయింట్లు కొడితే మొత్తం నలభై తొమ్మిది. ఎక్కాల్లో ఏడేళ్లు కూడా నలభై తొమ్మిదే. అంటే గోల్స్‌నీ ఒంటివాటినీ గుణించినా అంతే, ఆట లెక్కన కలిపినా అంతే. నాలుగూ ఎనిమిదీ అయినా ఇలాగే ముప్పై రెండు. మూడూ తొమ్మిదీ అయితే ఇరవై ఏడు. రెండూ పన్నెండూ అయితే ఇరవై నాలుగు. సున్నాని వదిలేస్తే ఇలాంటివి లోకం మొత్తం మీద ఈ నాలుగే ఉన్నాయని ఆమె వారపత్రికలో రాసినప్పుడు కుర్రాజిన్ జనం ఒక పూటంతా బీరు గ్లాసులు పక్కనపెట్టి ఐదోదాని కోసం వెతికారు. దొరకలేదు. అప్పటినుంచి వారం వారం ఆమె రాసే ముక్క చదవనిదే ఎవరికీ తోచేది కాదు.

పంతొమ్మిది వందల ఎనభై తొమ్మిదిలో, అక్కడ చలికాలమైన జులైలో, ఆమె మరో ముక్క రాసింది.

ఆ పొద్దున లిండ్సే, క్లెమ్ రీబీ అనే ఆసామి గొర్రెల మేత భూమిలో గాలిమర మీద ఉన్నాడు. క్లెమ్ క్లబ్బుకి అధ్యక్షుడు, గొంతు పెద్దది. పత్రిక చేతబట్టుకుని గడ్డిలో పరిగెత్తుకొచ్చాడు.

"ఒరే లిండ్సే, పేపర్లో పడ్డావురా."

లిండ్సే చేతిలో స్పానర్ జారి కింద నీళ్ల తొట్టిలో పడింది. "ఆ బాతుల గురించా?" అన్నాడు పైనుంచి.

"ఏ బాతులు?"

లిండ్సే దానికి జవాబు చెప్పలేదు, ఆ తరవాత కూడా ఎప్పుడూ చెప్పలేదు. క్లెమ్ కింద నిలబడి చదవసాగాడు. సగం మాటలు గాలికి కొట్టుకుపోయాయి. పైకి చేరిన మేరకు సంగతి ఇది: లీగు పుట్టినప్పటినుంచీ ఒక్క గోలూ కొట్టకుండా అందరికన్నా ఎక్కువ ఆటలు ఆడిన మనిషి మెరింగల్ ఊరి ఆబ్రీ స్టోక్స్, రెండు వందల ముప్పై ఒకటి. అతని వెనకే ఇప్పటికీ ఆడుతూ ఉన్నవాడు కుర్రాజిన్ ఊరి ఎల్. పోల్నర్, రెండు వందల ఇరవై ఆరు. ఈ విషయం ఇద్దరిలో ఎవరికైనా తెలుసో లేదో తనకి తెలియదని మిస్ క్రాప్లీ చివర రాసింది.

లిండ్సేకి తెలియదు. పదిహేడేళ్లుగా తను చేస్తున్నది కాపలా అనుకున్నాడు. అది లేమి అని, దానికొక లెక్క ఉంటుందని అప్పుడే తెలిసింది. కిందికి దిగడానికి మనసొప్పక అవసరం లేని రెండు బోల్టులు కూడా బిగించాడు.

మొదటి మూడు రోజులు ఊరంతా కడుపు పట్టుకుని నవ్వింది. నాలుగోనాడు ఎవరో మెరింగల్ పేరు ఎత్తారు. నవ్వు అక్కడితో ఆగిపోయింది.

మెరింగల్ ఇరవై మైళ్ల అవతల ఉంది. ఆ ఊళ్లో ఆసుపత్రి ఉంది, వేడినీళ్ల ఈత కొలను ఉంది, ట్రాఫిక్ లైటు ఉంది. ఒకటే, అయినా ఉంది. వాళ్ల క్లబ్బు గోడ నిండా కప్పులు గెలిచిన జట్ల ఫొటోలు. కుర్రాజిన్‌కి ఉన్నదల్లా రైలు రాని స్టేషను. పదకొండేళ్లుగా మెరింగల్‌ని ఒక్కసారి కూడా ఓడించలేదు. అలాంటిది గోలు కొట్టకపోవడంలో కూడా వాళ్లే ముందుండటం ఏమిటని క్లెమ్ కమిటీలో లేచి అడిగాడు. ఇంకో ఐదాటలు ఇలాగే కానిస్తే వాళ్లతో సమానం, ఆరోది దాటితే రికార్డు మనది. ఆ ఏడు మిగిలినవి సరిగ్గా ఆరు. ఆరోది సొంత మైదానంలో, మెరింగల్ మీదే. ఇది దేవుడు చేసిన ఏర్పాటని క్లెమ్ తేల్చేశాడు. లిండ్సే చెవులు ఎర్రగా చేసుకుని వెనక బెంచీలో కూర్చున్నాడు. అతన్ని ఎవరూ ఏమీ అడగలేదు.

కోచ్ ట్రాయ్ మాడర్న్‌కి మాత్రం గొంతులో వెలక్కాయ పడింది. ఇరవై ఆరేళ్లవాడు, బళ్లో వ్యాయామం నేర్పేవాడు. ముప్పై తొమ్మిదేళ్ల లిండ్సేని ఆ వారమే పక్కకి పిలిచి, ఇన్నాళ్ల సేవకి కృతజ్ఞతలు, ఇక విశ్రాంతి తీసుకో అని చెప్పాలనుకున్నాడు. అద్దం ముందు నిలబడి ఆ మాటలు తయారు చేసుకున్నాడు కూడా. ఇప్పుడు అతన్ని జట్టులోంచి తీస్తే తననే ఊళ్లోంచి తీసేస్తారు.

తరవాతి శనివారం లిండ్సే మైదానంలోకి వచ్చేసరికి మధ్య వలయం దగ్గర సున్నంతో గీత గీసి ఉంది. పక్కన పెద్దక్షరాలతో "లిండ్సే, ఇక్కడితో ఆగు" అని రాసి ఉంది. అతను మామూలుగానే ఆగాడు. ఆట ముగిశాక చప్పట్లు కొట్టారు. జట్టు యాభై పాయింట్ల తేడాతో ఓడిపోయిన సంగతి ఎవరికీ పట్టలేదు. ఆ పై వారం క్లెమ్ క్యాంటీన్‌కి వెళ్లి, సున్నా ఆకారంలో ఉంటాయి కాబట్టి డోనట్లు వేసి "లిండ్సేలు" అని పేరుపెట్టి అమ్మమన్నాడు. వెర్నా అతన్ని పళ్లెంతో కొట్టబోయింది. కానీ క్లబ్బుకి కొత్త పైకప్పు కావాలి. చివరికి వేసింది. మెరింగల్ నుంచి కూడా జనం కార్లేసుకుని వచ్చి పొట్లాలు కట్టించుకుపోయారు.

ఊరికి తెలియని విషయం ఒకటుంది. పనినుంచి వచ్చాక, గొర్రెలకి నీళ్లు పెట్టాక, లిండ్సే ఇంటి వెనక పొలంలోకి పోయి బంతిని తన్నేవాడు. అక్కడ పాత గాలిమర తాలూకు కాళ్లు రెండు నిటారుగా పాతి ఉన్నాయి. వాటి మధ్య నుంచి కొట్టేవాడు. ఒక్కోసారి బంతి పోయి గొర్రెకి తగిలేది, అతను దానికీ క్షమాపణ చెప్పేవాడు.

ఒక సాయంత్రం వెర్నా బంగాళాదుంపలు తొక్కతీస్తూ, అతను లోపలికి రాగానే అడిగింది. "ఇవాళ ఎన్ని పడ్డాయి?"

"ఏవి?"

"నాకేం చెవుడు లేదు లిండ్సే. పదేళ్లుగా వింటున్నా ఆ ధబధబలు. బయట చెప్పుకోలేని వ్యసనం ఏదో ఒకటి ఉండాలి కదా మగాడికి, ఇదే నయమనుకుని ఊరుకున్నా."

లిండ్సే కూర్చుని ఒక దుంప తీసుకుని తనూ తొక్కతీశాడు. "గోలు పడిందని ఆ తెల్లకోటు అంపైరు ఒక్కసారి నాకోసం రెండు జెండాలూ ఊపితే చూడాలనుంది" అన్నాడు దుంపతోనే.

"మరి ఆ మాట క్లెమ్‌తో అను."

"వాళ్లంతా అంత సంబరపడుతున్నారు. ఎలా అంటాం?"

"నోటితో అంటారు" అంది వెర్నా. "నువ్వు అనవులే. నన్ను పెళ్లి చేసుకుంటావా అని కూడా మీ అమ్మే అడిగింది నన్ను."

ఐదాటల్లో నాలుగు గడిచాక ఒక మంగళవారం, తుప్పుపట్టిన ట్రక్కులో ఒక ముసలాయన వాళ్ల ముంగిట్లో దిగాడు. పొడుగు మనిషి, చెవిలో వినికిడి యంత్రం. పంపు గురించి వచ్చానన్నాడు. ఏ పంపు, ఎంత లోతు అని అడిగితే తడబడ్డాడు. ఆఖరికి టోపీ తీసి, "నేను ఆబ్రీ స్టోక్స్‌ని" అన్నాడు.

తగువుకొచ్చాడేమోనని లిండ్సేకి భయం వేసింది. లోపలికి పిలిచి టీ ఇచ్చాడు. వెర్నా డోనట్లు పెట్టింది. ఆయన వాటిని కాసేపు చూశాడు. అవి ఏమిటో ఆయనకీ తెలుసు.

"నేను కొట్టాను" అన్నాడు ఆబ్రీ.

"ఏం కొట్టారు?"

"గోలు. యాభై ఒకటిలో, మీ ఊళ్లోనే. పొగమంచు ఎలా పట్టిందంటే బంతి కనపడలేదు, స్తంభాలు కనపడలేదు, నా కాళ్లు నాకే కనపడలేదు. తన్నాను. అంపైరు జెండాలు ఊపాడు. ఊపిన చప్పుడు విన్నాను. దాన్ని తీసుకెళ్లి మా స్టాన్ లీచ్ పేరున రాశారు. వాడు కాదనలేదు, చచ్చేదాకా కాదనలేదు. వాడి శవం దగ్గర కూడా అడిగాను నేను."

నలభై ఏళ్లుగా ఆయన ఈ మాట చెబుతూనే ఉన్నాడట. ఊళ్లో అందరూ నవ్వుతారట. రిటైరయిన రోజున క్లబ్బు వాళ్లు ఇత్తడి పలక మీద "గోలెరుగని ఆబ్రీ" అని చెక్కించి ఇచ్చారు, ఆయన భార్య దాన్ని మరుగుదొడ్లో తగిలించింది. రోజూ కూర్చున్నప్పుడల్లా ఎదురుగా అదే. మిస్ క్రాప్లీ ముక్క చూడగానే ఆయన ఆమె దగ్గరికి కూడా వెళ్లాడు. ఆమె శ్రద్ధగా విని, పొగమంచు అంకె కాదు కాబట్టి అచ్చు వెయ్యలేనని చెప్పింది.

"కాబట్టి నువ్వు ఈ రెండాటలూ దాటెయ్ నాయనా" అన్నాడు ఆబ్రీ, లిండ్సే చెయ్యి పట్టుకుని. "గోలు జోలికి పోకు. ఆ రికార్డు నువ్వు తీసేసుకో. పలక కూడా ఇస్తా."

ఆయన వెళ్లాక లిండ్సే ముంగిట్లోనే చాలాసేపు నిలబడ్డాడు. కుర్రాజిన్ వద్దంటోంది, ఇప్పుడు మెరింగల్ పెద్దాయన కూడా వచ్చి వద్దన్నాడు. ఆ ఇత్తడి పలక మీద తన పేరు ఎలా ఉంటుందో, వెర్నా దాన్ని ఎక్కడ తగిలిస్తుందో ఊహించుకుని దిగులుపడ్డాడు. వెర్నా తనంతట తానే చెప్పింది, మరుగుదొడ్లో మాత్రం కాదు, అక్కడ గోడకి చెమ్మ అని.

ఐదో ఆట కూడా గోలు లేకుండానే గడిచింది. లెక్క సమానమైంది.

ఆరో శనివారం కుర్రాజిన్ మైదానం చుట్టూ కార్లు రెండు వరసలు నిలిచాయి. మిస్ క్రాప్లీ జీవితంలో మొదటిసారి ఆట చూడ్డానికి వచ్చింది. క్లెమ్ కారులో, మోకాళ్ల మీద దుప్పటి కప్పుకుని, కిటికీ అద్దం మూసుకుని కూర్చుంది. ఆబ్రీ తన ట్రక్కు బానెట్ మీద ఎక్కి కూర్చున్నాడు.

ఆట మొదలైన పది నిమిషాలకే ఏదో తేడాగా ఉందని లిండ్సేకి తెలిసిపోయింది. మెరింగల్ వాళ్లు రికార్డు పోగొట్టుకునే రకం కాదు. దాన్ని నిలబెట్టుకోవాలంటే వాళ్లకి ఉన్నది ఒక్కటే దారి, లిండ్సే చేత గోలు కొట్టించడం. అతని పక్కన నిలబడవలసిన మెరింగల్ ఆటగాడు మైదానం అవతలి కొసకి పోయి, "రా గురూ, ఇటు రా, ఎండగా ఉంది" అని పిలుస్తున్నాడు. మరొకడు బంతి తెచ్చి లిండ్సే చేతుల్లో పెట్టి, ముందుకు పరిగెత్తమని దారి చూపించాడు. లిండ్సే దాన్ని పక్కవాడికి ఇచ్చేశాడు. సొంత జట్టువాళ్లు అతనికి బంతి ఇవ్వడం మానేశారు. ఇస్తే ఏ క్షణాన ఏమవుతుందోనని. ఇలా ఇరుపక్షాలూ తలకిందులుగా ఆడుతూ ఉండటంతో, మెరింగల్ ఎప్పటిలా చితకబాదలేకపోయింది. ఆటలో ఆఖరిదైన నాలుగో పావు సగమయ్యేసరికి వాళ్లకి యాభై రెండు, కుర్రాజిన్‌కి ఏడు గోల్స్, ఆరు ఒంటి పాయింట్లు, నలభై ఎనిమిది.

అప్పుడు కుర్రాజిన్ ముందువరస ఆటగాడికి చీలమండ బెణికింది. బెంచీ మీద ఇక ఎవరూ మిగల్లేదు. ట్రాయ్ మాడర్న్ ఒక్క నిమిషం తల పట్టుకుని, తరవాత లిండ్సేని ముందుకు వెళ్లమని కబురు పంపాడు.

జనం ట్రాయ్‌ని అన్న మాటలు ఇక్కడ రాయడం బాగుండదు. లిండ్సే సున్నపు గీత దాకా పరిగెత్తి, దాని ముందు ఆగాడు. కబురు తెచ్చినవాణ్ణి, "కోచే చెప్పాడా? ఆయన నోటితోనే?" అని అడిగాడు. అవునన్నాక అడుగు వేశాడు. పదిహేడేళ్ల కిందటి ఆజ్ఞ అలా రద్దయింది. అవతలి సగంలో గడ్డి కాస్త పచ్చగా ఉందని అతనికి అనిపించింది, తరవాత ఇంటికెళ్లి వెర్నాతో అన్నాడు కూడా.

ఇంకా ఆరు నిమిషాలుందనగా బంతి ఎక్కడో ఆకాశంలో ఉంది, అతను దానికి దరిదాపుల్లో కూడా లేడు, మెరింగల్ కెప్టెన్ వచ్చి రెండు చేతులతో అతని వీపు మీద నెట్టాడు. అంపైరు కంట పడేలా, చక్కగా, తీరిగ్గా నెట్టాడు. ఈల మోగింది. లిండ్సేకి ఫ్రీ కిక్కు. ఎదురుగా ఇరవై గజాల్లో స్తంభాలు.

గోలైతే యాభై నాలుగు, ఆధిక్యం కుర్రాజిన్‌ది; కానీ రికార్డు పోతుంది. ఒంటి పాయింటైతే నలభై తొమ్మిది, రికార్డు దక్కుతుంది; ఆట మటుకు చేజారినట్టే. మైదానం అంతా నిశ్శబ్దమైపోయింది. ఆ నిశ్శబ్దంలో ఒక్కో గొంతూ విడిగా వినపడింది.

"పక్కకి కొట్టరా లిండ్సే, నీకు పుణ్యముంటుంది" అన్నాడు క్లెమ్ కంచె పట్టుకుని.

కోచ్ పంపిన కుర్రాడు రొప్పుతూ వచ్చి, "మధ్యలోంచి కొట్టమన్నాడు, లేకపోతే తన ఉద్యోగం సంగతి ఆలోచించమన్నాడు" అన్నాడు.

"నీకేం భయం లేదు గురూ, అడ్డం రాం" అన్నాడు మెరింగల్ కెప్టెన్, తనవాళ్లని పక్కకి జరుపుతూ.

క్లెమ్ కారు అద్దం కిందికి దిగింది. "ఒంటి పాయింటు చాలు మిస్టర్ పోల్నర్" అని మిస్ క్రాప్లీ సన్నగా, స్పష్టంగా అంది. "ఏడేళ్లు నలభై తొమ్మిది. నేనెప్పుడూ కళ్లతో చూడలేదు."

ఆబ్రీ బానెట్ మీద లేచి నిలబడి రెండు చేతులూ జోడించాడు.

లిండ్సే బంతిని చేతుల్లో తిప్పుతూ క్యాంటీన్ వైపు చూశాడు. వెర్నా బయటికి వచ్చి నిలబడింది. నోరు తెరవలేదు, ఆమె జీవితంలో అది అరుదు. ఒక చేతిలో డోనట్లు తీసే పట్టకారు, రెండో చేతిలో చెక్క గరిటె. రెంటినీ తల మీదికెత్తి, తెల్లకోటాయన జెండాలు ఊపినట్టు, ఇటూ అటూ ఊపింది.

అతను తన్నాడు. అందమైన దెబ్బేమీ కాదు. బంతి దెబ్బతిన్న కోడిలా పల్టీలు కొడుతూ నేలకి మనిషెత్తున పోయింది. మెరింగల్ వాళ్లు గేటు తెరిచినట్టు రెండు వైపులా తప్పుకున్నారు. అది ఎడమ స్తంభానికి జానెడు లోపల నుంచి దూరి, అవతల ఆగి ఉన్న ఒక కారు చక్రానికి తగిలింది. గోలు అంపైరు ఆ ఊరి కాటికాపరి, దేనికీ తొందరపడే మనిషి కాదు. ముందుకు వంగి స్తంభం చూశాడు. బంతిని చూశాడు. కోటు సర్దుకున్నాడు. అప్పుడు రెండు చూపుడువేళ్లూ చాపి, జెండాలు రెండూ తీసి ఊపాడు.

మొదట మోగినవి మెరింగల్ కార్ల హారన్లు. రికార్డు నిలిచిందని వాళ్లు గంతులేశారు. తాము రెండు పాయింట్లు వెనకబడ్డామని వాళ్లకి తట్టడానికి కొంత సమయం పట్టింది. తట్టి ఆపేసరికి కుర్రాజిన్ వాళ్లకీ అదే తట్టింది, ఇటు మొదలైంది. ఒక గోలుకి రెండు ఊళ్లూ హారన్లు కొట్టడం ఆ లీగులో అంతకుముందు జరగలేదని మిస్ క్రాప్లీ తరవాత రాసింది.

జట్టంతా లిండ్సేని వాటేసుకోవడానికి పరుగెత్తింది. అతను అక్కడ లేడు. ఆ కౌగిలింతల కోసం ఎన్నేళ్లు ఎదురుచూశాడో వెర్నాకి తెలుసు. కానీ గోలు అయ్యాక బంతి మళ్లీ మధ్యలో వేస్తారు, మధ్యలో వేస్తే వెనక మూలన మనిషి ఉండాలి. అందుకని జెండాలు దిగకముందే తన చోటికి పరిగెత్తిపోయాడు. ఆరుగురు అతన్ని తరుముకుంటూ మైదానం పొడుగునా వెళ్లి, ఆఖరికి అక్కడ పట్టుకుని మీద పడ్డారు. అంపైరు ఈల వేసి విడదీశాడు.

మిగిలిన నిమిషాల్లో మెరింగల్ వాళ్లు మామూలుగా, నిజంగా ఆడటం మొదలుపెట్టారు. మూడుసార్లు మీదికొచ్చారు. మూడుసార్లూ లిండ్సే బంతిని గుద్ది బయట పారేశాడు. ఆట ముగిసిందని సైరన్ మోగింది. పదకొండేళ్ల తరవాత కుర్రాజిన్ గెలిచింది. క్లెమ్ ఒక కన్నుతో ఏడుస్తూ ఒక కన్నుతో నవ్వుతూ అందరికీ బీరు పోయించాడు. ట్రాయ్ అద్దం ముందు తయారు చేసుకున్న మాటలు ఎప్పటికీ చెప్పలేదు.

సంతోషపడని మనుషులు ఇద్దరే. మిస్ క్రాప్లీ నలభై తొమ్మిది చూడకుండానే ఇంటికి పోయింది. ఆబ్రీ స్టోక్స్ బానెట్ మీదే కూర్చుని ఉన్నాడు. లిండ్సే బురద కాళ్లతో ఆయన దగ్గరికి వెళ్లి క్షమాపణ చెప్పాడు.

"నీకేం" అన్నాడు ఆబ్రీ. "నీ పని అయిపోయింది. నేనిక పలక ఎదురుగా కూర్చోవాలి."

తరవాతి వారం ముక్కలో మిస్ క్రాప్లీ లెక్క మరోవైపు నుంచి తిప్పింది. మొదటి గోలు కోసం అందరికన్నా ఎక్కువ ఆటలు ఎదురుచూసిన మనిషి లీగు చరిత్రలో లిండ్సే పోల్నరే, రెండు వందల ముప్పై ఒకటి. ఒక్క గోలూ లేకుండా ఆట మానేసినవాళ్లలో మొదటివాడు ఆబ్రీ స్టోక్స్, అదీ రెండు వందల ముప్పై ఒకటే. ఒకే అంకె, ఇద్దరు మనుషులు, రెండు ఊళ్లు. ఇలాంటిది వందేళ్ల స్కోర్లలో తనకి మరోటి దొరకలేదని, నలభై తొమ్మిది చూడలేకపోయిన బాధ కొంత తీరిందని రాసింది. కుర్రాజిన్ వాళ్లు మళ్లీ కమిటీ పెట్టుకుని, మనకీ రికార్డు ఉందని తీర్మానం చేసుకున్నారు. ఆబ్రీ ఆ పత్రిక పట్టుకుని, ఈసారైనా తన పొగమంచు గోలు కలపమని ఆమె ఇంటికి వెళ్లాడు. కలపొచ్చు గానీ, అది మీ పంతొమ్మిదో ఆట, కలిపితే మీ పేరు ఇక ఏ లెక్కలోనూ ఉండదని ఆమె చెప్పింది. ఆయన చాలాసేపు పియానో ముందు స్టూలు మీద కూర్చున్నాడు. ఇంటికెళ్లి పలకని హాల్లోకి మార్పించాడని, పొగమంచు ఊసు ఎత్తడం తగ్గించాడని మెరింగల్ నుంచి వచ్చినవాళ్లు చెప్పారు.

ఆ పై ఏడు లిండ్సే, తన జీవితంలో మొదటిసారి నోరు తెరిచి అడిగి, ముందువరసలో ఆడాడు. ఐదాటల్లో ఒక్క గోలూ పడలేదు. ఈసారి అడ్డుకోవడానికి పక్కన మనిషి ఉన్నాడు మరి. మోకాలు వాచింది. తనే వెళ్లి ట్రాయ్‌తో ఇక చాలన్నాడు. అప్పటినుంచి శనివారాలు అతనికి కొత్త పని దొరికింది. మిస్ క్రాప్లీకి ఇంట్లో కాలు నిలవడం లేదు, కళ్లతో చూడాలంటుంది, కారు నడపడం రాదు. లిండ్సే ఆమెని తీసుకొచ్చి కంచె పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టి, తను పక్కన నిలబడేవాడు. ఆమె అడిగే ప్రశ్నలకి ఓపిగ్గా జవాబు చెప్పేవాడు. బంతి గుండ్రంగా ఎందుకు లేదు, అంపైరుకి అంత కోపమెందుకు, ఇలాంటివి.

ఒకనాడు ఆట అంతా అవతలి కొసన జరుగుతూ ఉంది. ఇటు వెనక మూలన కొత్త కుర్రాడొకడు నడుం మీద చేతులేసుకుని ఒంటరిగా నిలబడి ఉన్నాడు. ఆమె వాణ్ణి చాలాసేపు చూసింది.

"మిస్టర్ పోల్నర్, అలా అన్నేళ్లు నిలబడితే మీకు విసుగనిపించలేదా?"

లిండ్సే ఆమె మోకాళ్ల మీద జారిన దుప్పటి సర్దాడు.

"పదిహేడేళ్లు అనిపించలేదండి" అన్నాడు. "మీరు పేపర్లో రాశాకే అనిపించింది."